ఆ పేరు ఎవరి పేరు మీద ఉంది?

ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, పొలం ఎవరి పేరు మీద ఉంది, బ్యాంకు పుస్తకం ఎవరి పేరు మీద ఉంది అని అడగడం మనకు అలవాటైన పనే. భర్త కొట్టాడని వచ్చినా, అత్తింటివాళ్లు గెంటేశారని వచ్చినా, రెండో మాటగానో మూడో మాటగానో ఈ ప్రశ్న వేస్తాం. కాగితం మీద పేరు లేని మనిషి మాటకు ఇంట్లో విలువ ఉండదన్న సంగతి మనకు పుస్తకాలు చెప్పలేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే సవరణ చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా పాసుపుస్తకంలో పేరు ఎక్కించుకోవడానికి ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కాలో, ఎంతమంది అన్నదమ్ములతో మాట పోగొట్టుకోవాలో మనకు తెలుసు.

ఇదే ప్రశ్నను ఇప్పుడు వెబ్‌సైట్ల గురించి కూడా అడగాలని నేనంటున్నాను. ఇదేదో కంప్యూటరు చదువుకున్నవాళ్ల వ్యవహారం, మనకెందుకు అని చాలామంది మిత్రులు పక్కన పెట్టేస్తున్నారు. పెట్టే వీలు లేదు. ఆడపిల్లల ఫొటోలు మార్చి పెట్టేవాళ్లూ, గల్ఫ్‌లో లేని ఉద్యోగాలు చూపించి డబ్బు గుంజేవాళ్లూ, దొంగ పెళ్లి సంబంధాలు నడిపేవాళ్లూ వెబ్‌సైట్ల చాటునే పని చేస్తున్నారు. హింసించే భర్తకు తెలియకుండా ఊరు మార్చుకుని, తన అనుభవం తాను రాసుకునే స్త్రీ కూడా ఒక వెబ్‌సైటు వెనకే ఉంది. వీళ్లందరి వివరాలూ ఒకే రకం రిజిస్టరులో ఉంటాయి. ఆ రిజిస్టరు ఎవరికి తెరిచి ఉండాలి, ఎవరికి మూసి ఉండాలి అన్నది ముమ్మాటికీ స్త్రీల హక్కుల ప్రశ్న.

ముందు రిజిస్టరు సంగతి చెప్పుకుందాం. డాట్ కామ్ అనో, డాట్ ఆర్గ్ అనో, డాట్ ఇన్ అనో ముగిసే వెబ్‌సైటు పేరును డొమైన్ అంటారు. దాన్ని శాశ్వతంగా కొనుక్కోవడం కుదరదు. ఏడాదికి ఇంత అని కట్టి తన పేరున రాయించుకోవాలి, గడువు తీరేలోగా మళ్లీ కట్టాలి. రాసిచ్చే కంపెనీ రిజిస్ట్రార్. ప్రపంచంలో ఈ పేర్ల వ్యవస్థను చూసుకునేది 1998లో అమెరికాలో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. మన డాట్ ఇన్ పేర్లను నిక్సీ అనే సంస్థ చూస్తుంది. పొలం కొనేముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించినట్టే, ఒక డొమైన్ ఎప్పుడు పుట్టింది, ఏ కంపెనీ దగ్గర రాయించారు, గడువు ఎప్పటిదాకా ఉంది అన్నవి ఎవరైనా చూడవచ్చు. ఈసీకి రుసుము కట్టాలి, దీనికి అదీ లేదు. ఐకాన్ వాళ్ల లుకప్ పేజీలో పేరు కొడితే వస్తుంది. ఈ వెతుకులాటను మొదటినుంచీ 'హూ ఈజ్' అన్నారు, అంటే 'ఎవరు?' అని. 2025 జనవరి నుంచి డాట్ కామ్ లాంటి పేర్లకు దాని స్థానంలో ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి అధికారికమయింది గానీ, జనం నోట ఇంకా పాత పేరే నలుగుతోంది.

ఈ 'ఎవరు?' అనే ప్రశ్నకు జవాబిచ్చే ఆఫీసును మొట్టమొదట నడిపింది ఒక స్త్రీ అని మనలో ఎంతమందికి తెలుసు? ఆమె ఎలిజబెత్ ఫైన్లర్. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో 1970ల నుంచి 1989 దాకా, ఇంటర్నెట్‌కు ముందురూపమైన ఆర్పానెట్‌కు సమాచార కేంద్రాన్ని నడిపింది. ఏ యంత్రానికి ఏ పేరు అన్న జాబితా ఆమె కేంద్రంలోనే ఉండేది. డాట్ కామ్, డాట్ ఎడ్యు, డాట్ గవ్, డాట్ ఆర్గ్ అన్న విభజన ఆమె బృందం చేతిమీదుగా రూపుదిద్దుకుంది. హూ ఈజ్ పద్ధతిని 1982లో రాతలో పెట్టి ప్రకటించింది కూడా ఆ కేంద్రమే. కంప్యూటర్ల చరిత్ర చెప్పేవాళ్లు మగవాళ్ల పేర్లన్నీ వరసగా చదివి, ఈమె దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ఇంటర్నెట్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెను చేర్చడానికి 2012 రావలసివచ్చింది.

ఆ రోజుల్లో ఆ జాబితాలో మనిషి పేరు, తపాలా చిరునామా, ఫోన్ నంబరు అన్నీ ఉండేవి. తప్పేమీ లేదు. అది పరిశోధకులూ సైన్యంవాళ్లూ వాడుకునే ఒక ఆఫీసు డైరెక్టరీ లాంటిది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, 1990లలో ఇంటర్నెట్టు వ్యాపారమై, ఆ తర్వాత ఇళ్లలోకి వచ్చినా, డైరెక్టరీ మాత్రం అదే తీరులో ఉండిపోయింది. ఒక స్త్రీ తన కవితలకో తన కుట్టుపనికో ఒక డాట్ కామ్ రాయించుకుంటే, ఆమె ఇంటి నంబరు, వీధి, ఫోను ప్రపంచంలో ఎవడికైనా రెండు నిమిషాల్లో దొరికేవి. వద్దనుకుంటే ఏడాదికి ఇంత అని అదనంగా కట్టి, తన పేరుకు బదులు ఇంకో కంపెనీ పేరు పెట్టించుకోవాలి. అంటే పరదాకు కూడా అద్దె. కట్టగలిగినవాళ్లకు చాటు, కట్టలేనివాళ్లకు బజారు.

ఆ చాటు కూడా తీసేయాలన్న ప్రయత్నం 2015లో జరిగింది. వ్యాపారం చేసే వెబ్‌సైట్లకు పేరు దాచుకునే వీలు ఉండకూడదని ఐకాన్ కమిటీలో ఒక ప్రతిపాదన చర్చకు వచ్చింది. వినడానికి బాగానే ఉంటుంది, వ్యాపారికి దాపరికం ఎందుకని. కానీ ఇంట్లో కూర్చుని అల్లికలు అమ్ముకునే ఆమె కూడా వ్యాపారే, విరాళాలు అడిగే చిన్న సంస్థ కూడా ఆ లెక్కలో పడిపోవచ్చు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో వీడియో గేముల రంగంలో నోరు విప్పిన స్త్రీల మీద మూకలు విరుచుకుపడ్డాయి. చిరునామాలు బయటపెట్టి, అత్యాచారం చేస్తాం, చంపుతాం అని బెదిరిస్తే కొందరు ఇళ్లు వదిలి వెళ్లారు. ఆ గాయం ఇంకా పచ్చిగా ఉంది. ఆన్‌లైన్ వేధింపుల మీద పనిచేసే స్త్రీలు, పౌరహక్కుల సంస్థలు ఐకాన్‌కు ఉత్తరాలు రాశారు. సాధారణ జనం నుంచి వేల సంఖ్యలో అభ్యంతరాలు వెళ్లాయి. వ్యాపారం చేస్తున్నారన్న ఒక్క కారణంతో చాటును నిరాకరించకూడదని చివరి నివేదికలో రాయక తప్పలేదు. 2018 మే 25న యూరపులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లోకి రావడంతో పరిస్థితి మొత్తం తిరగబడింది. కంపెనీలు భయపడి, ప్రపంచమంతటా మనుషుల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో కనపడకుండా చేశాయి. ఇప్పుడు వెతికితే మనిషి పేరు ఉండాల్సిన చోట 'గోప్యత కోసం తొలగించాం' అన్న ముక్క వస్తుంది. దేశం, రాష్ట్రం మాత్రం చాలాసార్లు కనిపిస్తాయి.

దీని మీద మనవాళ్లలోనే కోపం ఉంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. మా కేంద్రానికి ఒకసారి డిగ్రీ చదివే అమ్మాయి తల్లితో కలిసి వచ్చింది. ఆమె ఫొటోకు ఇంకెవరిదో శరీరం అతికించి, ఊరు పేరుతో సహా ఒక వెబ్‌సైటులో పెట్టారు. స్టేషనుకు వెళితే అక్కడి ఎస్సై, "సైటు ఫారిన్‌దమ్మా, ఓనరు పేరే కనపడ్డం లేదు, మేమేం చేస్తాం? మీ పాపనే కాస్త జాగ్రత్తగా ఉండమనండి" అని పంపేశాడు. తల్లి అడిగిన ప్రశ్న ఒకటే. "వాడి పేరు ఎందుకు దాస్తున్నారక్కా? నా బిడ్డ ముఖం దాచలేదుగా!"

ఆమెకు సూటిగా జవాబు చెప్పాలంటే కష్టమే. అయినా నా అభిప్రాయం ఇదీ. రిజిస్టరు అందరికీ తెరిచి పెట్టినా ఆ తల్లికి వాడు దొరికి ఉండేవాడు కాదు. ఎందుకంటే అక్కడ రాసిన పేరు వాడిదై ఉండదు. చిరునామా అడిగిన చోట నిజం రాసేది నిజాయితీపరులే. దొంగ, పక్కవీధి నంబరో ఏ పార్కు పేరో రాస్తాడు. ఎలాంటి తెరా లేని రోజుల్లో కూడా అబద్ధపు వివరాలు ఆ రిజిస్టరు నిండా ఉండేవి. కాబట్టి తలుపులు బార్లా తెరిస్తే దొరికేది ఎవరు? నిజం రాసిన కవయిత్రి, కుట్టుమిషన్ పెట్టుకున్న వితంతువు, కులాంతర వివాహం చేసుకుని వేరే జిల్లాలో తలదాచుకున్న జంట. వాళ్ల కోసం వెతికేవాళ్లకు ఓపిక చాలా ఎక్కువ.

మరి ఆ అమ్మాయి విషయంలో ఏం జరగాల్సింది? ఆ డొమైన్ వివరాలు మేము తీసి చూస్తే మనిషి పేరు లేదు గానీ, రాసిచ్చిన కంపెనీ పేరు స్పష్టంగా ఉంది. ఆ కంపెనీ ఆఫీసు మన దేశంలోనే ఉంది! ఫిర్యాదుల కోసం వాళ్లు ఇచ్చిన ఈమెయిలు, ఫోను కూడా అక్కడే ఉన్నాయి. మనకు కనపడని పేరు పోలీసులకు కనపడకపోవడమేమీ లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద, అంటే పాత సీఆర్పీసీలో 91, స్టేషను అధికారి నోటీసు ఇచ్చి రికార్డులు తెప్పించుకోవచ్చు. పేరు అబద్ధమే కావచ్చు, కానీ డబ్బు కట్టిన కార్డో యూపీఐయో, లాగిన్ అయిన ఇంటర్నెట్ చిరునామాలో అబద్ధం ఆడటం అంత తేలిక కాదు. 'పేరు కనపడ్డం లేదు' అన్నది ఆ ఎస్సై చెప్పిన సాకు. ఒకప్పుడు 'ఇది మీ ఇంటి గొడవ' అన్న గొంతుతోనే ఇప్పుడు 'ఇది ఫారిన్ సైటు' అంటున్నారు.

తెర లేకపోయినా కదలని సందర్భం కూడా ఉంది. 2021 జులైలో ముస్లిం స్త్రీల ఫొటోలు పెట్టి 'వేలం' అంటూ సుల్లీ డీల్స్ అనే యాప్ నడిపారు. జర్నలిస్టులు, కార్యకర్తలు, చదువుకునే ఆడపిల్లలు అందులో ఉన్నారు. దానికి సొంత డొమైన్ కూడా లేదు. గిట్‌హబ్ అనే పెద్ద కంపెనీ వేదిక మీద పెట్టారు. ఎవరిని అడగాలో అందరికీ తెలుసు. ఫిర్యాదులు అందాయి, కేసు పెట్టారు, ఆరు నెలల పాటు ఒక్క అరెస్టు లేదు. 2022 జనవరి 1న బుల్లీ బాయి అనే పేరుతో మళ్లీ అదే పని చేశారు. దేశమంతా గగ్గోలయ్యాక ముంబయి పోలీసులు కొద్దిరోజుల్లోనే నిందితులను పట్టుకున్నారు. ఆ తర్వాతే ఢిల్లీ పోలీసులు పాత సుల్లీ డీల్స్ కేసులో కూడా మనిషిని అరెస్టు చేశారు. జులైలో లేని ఏ ఆధారం జనవరిలో ఆకాశం నుంచి ఊడిపడింది?

ఇక ఆ తలుపు ఇప్పుడు ఎవరికి తెరుచుకుంటోందో చూడండి. డొమైన్ పేరు మీద తగాదా వస్తే తీర్చడానికి 1999లోనే ఐకాన్ ఒక విధానం పెట్టింది. జెనీవాలోని ప్రపంచ మేధోసంపత్తి సంస్థ దగ్గర ఫిర్యాదు వేయడానికి కనీస రుసుము 1500 డాలర్లు. ట్రేడ్‌మార్కు హక్కు ఉన్నవాళ్లకే ఆ దారి. 2000లో సినీనటి జూలియా రాబర్ట్స్ తన పేరున్న డొమైన్‌ను, నవలా రచయిత్రి జెనెట్ వింటర్సన్ తన పేరున్న డొమైన్‌ను ఇలాగే తిరిగి తెచ్చుకున్నారు. మంచిదే, ఇద్దరూ స్త్రీలే. కానీ వాళ్లు గెలిచింది వాళ్ల పేరుకు బజారులో విలువ ఉందని నిరూపించగలిగారు కాబట్టి. అదే పని మాచర్లలోని ఒక టీచరు పేరుతో చేస్తే, ఆమె పేరు ట్రేడ్‌మార్కు కాదు. పరువు ఉంది గానీ దానికి బ్రాండు లేదు.

మన దేశంలో కూడా అంతే. కంపెనీ పేరుతో దొంగ వెబ్‌సైట్లు పెట్టి డీలర్‌షిప్ ఇస్తామని జనాన్ని ముంచుతున్నారని డాబర్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎవరో తెలియని ప్రతివాదికి మన కోర్టుల్లో 'అశోక్ కుమార్' అని పేరు పెడతారు. ఆ కేసులోనూ ప్రతివాది అశోక్ కుమారే. పేర్లు రాసిచ్చే కంపెనీలు అడిగినా అడగకపోయినా ప్రతివాడికీ చాటు కల్పించడాన్ని 2022లో ఆ కోర్టు గట్టిగా ప్రశ్నించింది. మోసపోయిన జనం సంగతి కోర్టు పట్టించుకున్నందుకు సంతోషమే. అయితే ఇలాంటి కేసుల్లో న్యాయవాదుల్ని పెట్టుకుని వాదించేది బ్రాండ్లున్నవాళ్లు. వాళ్ల అవసరం కొలతగా తెరను మొత్తం చించేస్తే, అందులో పోయే స్త్రీల తరఫున ఆ హాల్లో ఎవరూ ఉండరు. 2023 నవంబరులో ఐకాన్ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. న్యాయమైన కారణం ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే, అది రాసిచ్చిన కంపెనీకి చేరుతుంది. కంపెనీలు అందులో చేరడం వాటి ఇష్టం. చేరినా, వివరాలు ఇవ్వాలా వద్దా అన్నది అవే తూచుకుంటాయి. పోలీసులకు, ట్రేడ్‌మార్కు లాయర్లకు అలవాటైన భాషలో ఉండే ఆ దరఖాస్తు నింపడానికి మన బాధితురాలు ఎక్కడ కూర్చోవాలి?

అందుకే నేననేది, ఇంటి చిరునామాలు దాచే ఉంచాలి. అదే సమయంలో, హింసకు గురైన స్త్రీ గానీ ఆమె తరఫున స్త్రీల సంస్థ గానీ రాతపూర్వకంగా అడిగితే, ఆ కంపెనీ వెంటనే రికార్డులు చెరిపేయకుండా భద్రపరచాలి, ఆ పేజీ కనపడకుండా ఆపాలి, ఎవరన్నది పోలీసులకో కోర్టుకో గడువులోగా చెప్పాలి. వాడి పేరు నా చేతికి ఇవ్వనక్కరలేదు. నాకిస్తే రేపు బాధితురాలి సంస్థ పేరు పెట్టుకుని వచ్చే ప్రతి మొగుడికీ ఇవ్వాల్సివస్తుంది. 2021 ఐటీ నియమాల్లో ఇలాంటి బొమ్మలను ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని సామాజిక మాధ్యమాలకూ ఇతర మధ్యవర్తి సంస్థలకూ గడువు పెట్టారు, బాధితురాలి తరఫున ఇంకొకరు ఫిర్యాదు చేసే వీలూ ఇచ్చారు. పేర్లు రాసిచ్చే కంపెనీలను కూడా అంత స్పష్టంగా, వాటి పేరు పెట్టి, బాధ్యుల్ని చేయమని మహిళా కమిషన్ల ద్వారా మనం అడగాలి.

అది వచ్చేలోగా ఫిర్యాదు రాసేటప్పుడు కొన్ని మాటలు మరవకుండా రాయించండి. వెబ్‌సైటు పేరు అక్షరం పొల్లుపోకుండా రాయాలి. డొమైన్ వివరాలు తీసిన పేజీని తేదీ కనపడేలా ప్రింటు తీసి జతచేయాలి. రాసిచ్చిన కంపెనీకి 94వ సెక్షన్ నోటీసు ఇవ్వమని ఫిర్యాదులోనే అడగాలి. ఐటీ చట్టం కేసుల దర్యాప్తు ఇన్‌స్పెక్టరుకు తక్కువ స్థాయి అధికారి చేయకూడదని 78వ సెక్షన్ చెబుతోంది, కాబట్టి ఎస్సై వెనక్కి పంపితే అక్కడితో ఆగక్కరలేదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల మీద నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టవచ్చు గానీ, కేసు నడవాలంటే పేరుతో పెట్టడమే మేలు.

మనుషుల పేర్లు పోయినా రిజిస్టరులో మిగిలిన తేదీలు మనకు ఎంత పనికొస్తాయో చాలామంది గమనించలేదు. దుబాయిలో ఇరవై ఏళ్లుగా ఆసుపత్రులకు నర్సులను పంపుతున్నామని చెప్పే కంపెనీ వెబ్‌సైటు పుట్టి ఇరవై రోజులే అయిందని తెలిస్తే, ఆ నర్సు తన గొలుసు తాకట్టు పెట్టకముందే ఆగుతుంది. అమెరికా సంబంధం అని వచ్చిన పిల్లవాడు పనిచేస్తున్నానన్న కంపెనీ వెబ్‌సైటు, పెళ్లిచూపులకు నెల ముందు పుట్టి ఉంటే ఆ తండ్రి ఇంకో పదిమందిని విచారిస్తాడు. పాత తేదీ ఉన్నంత మాత్రాన మంచివాళ్లని కాదు, పాత పేర్లు కూడా బజారులో అమ్ముడుపోతాయి. కొత్త తేదీ ఉంటే మాత్రం అడగాల్సిన ప్రశ్న ఒకటి చేతికి వచ్చినట్టే. గ్రామాల్లో పెట్టే చట్టాల తరగతుల్లో ఈ వెతుకులాటకు పావుగంట కేటాయించినా చాలు. ఫోన్ లేని ఇల్లు ఇప్పుడు తక్కువ.

చివరగా మన సంస్థల ఇంటి గుట్టు. స్త్రీల సంస్థల వెబ్‌సైట్లు ఎవరి పేరున ఉన్నాయో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. సైటు తయారుచేసిన కుర్రవాడి పేరున ఉంటుంది, లేదా ఎప్పుడో మానేసిన కార్యకర్త ఈమెయిలు మీద, అదీ కాకపోతే అధ్యక్షురాలి బావమరిది పేరున. రాయించుకున్నవాళ్లదే పేరు. డబ్బు సంస్థ కట్టిందన్నది తర్వాత తేల్చుకోవాల్సిన తగాదా. గడువు గుర్తుచేసే ఈమెయిలు ఆ పాత చిరునామాకే పోతుంది. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటి పేర్లలో గడువు తీరాక కొన్ని రోజుల సావకాశం, ఆ తర్వాత ఎక్కువ డబ్బు కట్టి విడిపించుకోవడానికి 30 రోజులు, ఆపైన 5 రోజులకు పేరు బజారులోకి. అలా వదిలిన పేర్ల కోసమే కాచుకుని కూర్చునే వ్యాపారాలున్నాయి. కుటుంబ హింస బాధితులకు సలహాలిచ్చిన చిరునామాలో మర్నాడు జూదమో బూతుబొమ్మలో కనపడితే, మన కరపత్రాల్లో, గోడరాతల్లో ఆ చిరునామా చూసి వచ్చే అమ్మాయికి ఏం చెబుతాం? డాట్ ఆర్గ్ పేర్లన్నిటినీ నిర్వహించే సంస్థనే 2019లో ఒక పెట్టుబడి కంపెనీకి 113 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మబోతే ప్రపంచమంతా స్వచ్ఛంద సంస్థలు అడ్డుపడ్డాయి, 2020 ఏప్రిల్‌లో ఐకాన్ ఒప్పుకోలేదు. అంత పెద్ద అమ్మకాన్ని ఆపగలిగిన మనం సొంత పేరును ఒక కుర్రవాడి జేబులో వదిలేశాం.

వ్యక్తిగా స్త్రీకి చాటు కావాలి. రిజిస్టరైన సంస్థకు ఆ చాటు అక్కరలేదు, ఆఫీసు చిరునామా బోర్డు మీద ఎలాగూ ఉంది. కాబట్టి సంస్థ పేరునే రాయించండి, ఆఫీసు ఈమెయిలు ఇవ్వండి, లాగిన్ ఇద్దరి దగ్గర ఉంచండి. వీలైతే ఒకేసారి అయిదేళ్లకో పదేళ్లకో కట్టేయండి, పదేళ్ల దాకా తీసుకుంటారు. ఒంటరి స్త్రీ ఇంట్లోనే ఆఫీసు నడుస్తుంటే మాత్రం ఇంటి చిరునామా బదులు పోస్టు బాక్సు నంబరు ఇవ్వండి. వచ్చే కార్యవర్గ సమావేశానికి ఆడిట్ కాగితాలతో పాటు డొమైన్ రసీదు కూడా తెమ్మని కార్యదర్శికి ఇప్పుడే చెప్పండి. రసీదు మీద ఎవరి పేరుందో అందరి ముందూ చదివించండి.